హిల్‌ఫోర్టు నవాబు

జహీరాబాదు కోర్టు ఆవరణమున చెట్టునీడను కూర్చుండి అర్జీలు వ్రాసెడి పెద్దమనిషి నోట వాయిదా, వకాల్తా, జామీను, జప్తు, దస్తావేజు అను మాటలు గడియలోపల పదిమారులు దొర్లిపోవును. అల్లపుచేని గట్టుతగాదాతో వచ్చిన రైతు వానిలో ఒక్కదానినైనను పరాయిమాటగా తలపడు. 1956 వరకు బీదరు జిల్లాలోనుండి పిమ్మట మెదకులో చేరిన యీ సీమకు ఆ మాటలు నైజాము న్యాయస్థానములు విడిచిపోయిన ఆస్తి. వానికి శిఖరమైన హైదరాబాదు హైకోర్టున ప్రధానన్యాయమూర్తి పీఠమెక్కిన సర్ నిజామత్ జంగు పేరు మాత్రము ఈ చెట్టుక్రింద నెవ్వరికిని తెలియదు.

వకీలువృత్తిని, రాజుకొలువును, కవిత్వమును ఒక్కడే మోసిన వాని నడిగినచో చదువరులు జర్మను మహాకవి గోథేను చెప్పుదురు. ఫ్రాంక్‌ఫర్టులో వకీలుగా నుండి, 1775లో వైమారు ప్రభువు కొలువుచేరి, గనులును బాటలును సైన్యపుపద్దులును చూచి, 1782లో కులీనపదవి నందినవాడాయన. మన దేశమున ఆ మూడుబరువులును మోసినవాడు నిజామత్ జంగు. అది బిరుదు, అసలుపేరు నిజాముద్దీన్ అహమ్మదు. 1871లో జన్మించెను. తండ్రి రఫత్ యార్ జంగు ఉన్నతవంశీయుల బిడ్డలకై మదరసా-ఎ-ఐజ్జా యను పాఠశాలను నెలకొల్పినవాడు. కుమారుడు అచ్చట చదివి, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకు పోయి, ఇన్నర్ టెంపులులో బారిస్టరై తిరిగివచ్చి, నైజాము న్యాయశాఖలో మెట్టుమెట్టుగా నెక్కి ప్రధానన్యాయమూర్తియై, ఆ తరువాత మంత్రిమండలిలో రాజకీయశాఖను నిర్వహించెను. మూసీయొడ్డున నేడు మనము చూచెడి గుమ్మటముల హైకోర్టు భవనము 1920లో గాని తెరువబడలేదు. శిస్తు వసూలుచేసెడి యధికారియే తగవులును తీర్చెడి పాతపద్ధతిని మాన్పి, కార్యనిర్వహణమునుండి న్యాయశాఖను వేరుచేసిన ఫర్మానాయు ఇంచుమించు ఆ కాలముననే, 1921-22లో, వెలువడెను. బ్రిటిషిండియాలో కాంగ్రెసువారు ఏండ్లతరబడి అడిగియు పొందలేని సంస్కరణ మది!

నవాబుగారు సానెట్లు వ్రాసినది ఇంగ్లీషున. 1914లో, యుద్ధారంభమున, ఆయన పద్యమొకటి లండను టైమ్సులో అచ్చుపడెను. కోర్టులో నడచినది ఉర్దూ. ఫిర్యాదిది తెలుగు. ఈ మూడు భాషల నడుమనున్న దూరమును కొలువవలెనన్నచో 1921 నవంబరు 12వ తేదీని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను: ఆనాడు హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కరణసభలో అల్లంపల్లి వెంకటరామారావను వకీలు తెలుగున మాటాడబోగా సభికులు గోలచేసి కూర్చుండబెట్టిరి, ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టెను. నవాబుగారి కందులో పాత్ర లేదు. అయినను, నా మట్టుకు, నునుపుదేరిన ఆ సానెట్లకంటె ఆ వకీలు నోట నిలిచిపోయిన నాలుగు తెలుగుమాటలే మన చరిత్రలో బరువైనవి.

నవాబుగారి ఆశ మిగిలినది రాతిలో. హైదరాబాదులోని నౌబత్ పహాడు గుట్ట చెంత, ట్రినిటీ కళాశాల బురుజులను తలచుకొని 1915లో కట్టించిన హిల్‌ఫోర్టులో పదునాలుగేండ్లు కాపురముండి 1929లో అమ్మివేసెను. అది నిజాము రెండవకొడుకు మొజ్జంజాహికి నివాసమై, పిమ్మట రిట్జు హోటలై, ఆవల తాళముపడి, పైకప్పులు కారి, గోడలు మొలకలెత్తెను. నవాబుగారు 1955లో గతించిరి. ఆ యింటిని బాగుచేయింపుడని వేసిన వ్యాజ్యము, ఆయన పీఠమెక్కిన హైకోర్టుకే చేరవలసివచ్చినది.