పేదల సొమ్ముకు లెక్క చెప్పాల్సిందే

మహాప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో సంపన్నుల నుంచి జకాత్ వసూలు చేయించి పేదసాదలకు చేర్చే బాధ్యతను ప్రభుత్వమే వహించేది. ఒకసారి ఇబ్నుల్ లుత్‌బియా అనే వ్యక్తిని బనూ సులైమ్ తెగవారి జకాత్ వసూలుకు పంపారు. తిరిగి వచ్చాక అతను తెచ్చిన దానిలో కొంత తనకు వచ్చిన కానుకని చెప్పి పక్కన పెట్టుకున్నాడు. ప్రవక్త (స) ఒప్పుకోలేదు. తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. తర్వాత ఆ సంగతిని ప్రజలందరి ముందూ ప్రస్తావించి హెచ్చరించారు.

ఇక్కడ గమనించవలసినవి రెండు. పాలకుడు లెక్క అడిగారు. ఆ లెక్కను నలుగురిలో పెట్టారు. మన దేశంలో మొదటిది ఎప్పటినుంచో ఉంది. ఆడిట్ అధికారులు వస్తారు, కాగితాలు చూస్తారు, వెళతారు. కానీ మస్టరులో పేరున్న కూలీ నిజంగా పనికి వచ్చాడా అన్నది కాగితానికి తెలియదు, ఊరికి తెలుసు.

ఆ ఊరినే అడగాలన్న ఆలోచనతో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్ కిరానాలో బహిరంగ విచారణ జరిపింది. పనుల రికార్డులను గ్రామస్థుల ఎదుట చదివి వినిపించింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ద్వారా ఈ పద్ధతి సామాజిక తనిఖీగా చట్టంలోకి వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. తనిఖీల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2009లో ప్రత్యేక సొసైటీని నెలకొల్పింది. శిక్షణ పొందిన గ్రామీణ యువకులు ఇంటింటికీ వెళ్లి మస్టరును కూలీల మాటతో సరిపోల్చారు. తవ్విన పనిని కొలిచారు. తేలిన సంగతులను మండల స్థాయి ప్రజావేదికలో అధికారుల ముందే వినిపించారు.

మరి దోపిడీ ఆగిందా? 2006-10 మధ్య మన రాష్ట్రంలో జరిగిన తనిఖీల నివేదికలను పరిశీలించిన ఆర్థికవేత్తలకు రెండు విషయాలు కనిపించాయి. సులువుగా దొరికిపోయే కూలి డబ్బుల మోసాలు తగ్గాయి. పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల్లో అక్రమాలు పెరిగాయి. పైగా బయటపడిన సొమ్ములో అధికభాగం తిరిగి రాలేదు. బాధ్యులలో ఉద్యోగం పోయినవారు బహు కొద్దిమంది.

అంటే తనిఖీ దొంగను చూపించగలదు, శిక్షించలేదు. శిక్షించే అధికారం ప్రభుత్వానిది. ఆ పని జరగనప్పుడు ప్రజావేదికలో ధైర్యం చేసి నోరు విప్పిన కూలీ ఊళ్లో ఒంటరివాడవుతాడు. మరుసటి ఏడు సాక్ష్యం చెప్పేవాడే ఉండడు.

పింఛను కానీ, రేషను కానీ, స్కాలర్‌షిప్ కానీ, పేదవాడి పేరున విడుదలైన ప్రతి రూపాయీ పాలకుల చేతిలో అమానత్. కనుక గ్రామసభ జరిగే రోజున వెళ్లండి. జాబితా చదవమని అడగండి. కిందటిసారి తేలిన సొమ్ము ఎంత వసూలైందో కూడా తప్పక అడగండి.