ఒకే నీరు – రెండు ఫలితములు

1993వ సంవత్సరము మార్చి, ఏప్రిల్ మాసములలో అమెరికాలోని మిల్వాకీ నగరప్రాంతమున ఇంచుమించు నాలుగు లక్షలమందికి నీళ్ల విరేచనములు పట్టుకొన్నవి. ఆ నగరమునకు మిచిగన్ సరస్సు నుండి నీరు వచ్చును. నీటిని శుద్ధిచేయు కేంద్రములలో ఒకదానియందు వడపోత సరిగా జరుగలేదు. క్లోరిను కలుపుచునే యుండిరి. అయినను క్రిప్టోస్పోరిడియమ్ అను సూక్ష్మ పరాన్నజీవి కొళాయిలలోనికి వచ్చినది. ఆరోగ్యవంతులు ఒకటి రెండు వారములలో తేరుకొనిరి. మరణించినవారిలో అత్యధికులు ఎయిడ్స్ రోగులు. అందరును త్రాగినది ఒకే నీరు కదా! ఈ భేదమునకు కారణమును, దానినుండి మన గృహములకు తెలియవలసిన విషయములను నేడు మనవి చేయదలచినాము.

ప్రేవులు అన్నమును జీర్ణించుకొను గొట్టము మాత్రమే కాదు. శరీరమును కాపాడు తెల్లకణములలో పెద్దభాగము వాని గోడలయందే ఉండును. హెచ్.ఐ.వి. ముఖ్యముగా నాశనము చేయునది వీనిలోని సి.డి.4 అను కణములను. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు ఈ కణములు సాధారణముగా 500కు పైగా ఉండును. కోటలో కావలివారు తగ్గినకొలది లోనికి చొరబడు శత్రువులు పెరుగుదురు.

కావలి బాగుగా ఉన్నప్పుడు వచ్చు విరేచనములకు కారణములు అందరికిని వచ్చునవే: షిగెల్లా, సాల్మొనెల్లా వంటి బాక్టీరియాలు, అమీబా, జియార్డియా. సంఖ్య 200కు దిగువకు జారినప్పుడు క్రిప్టోస్పోరిడియమ్, సిస్టోఐసోస్పోరా, మైక్రోస్పోరిడియా అనునవి ప్రవేశించి నెలల తరబడి విడువక మనిషిని కృశింపజేయును. 50కు లోపల సైటోమెగాలో వైరస్ పెద్దప్రేవులో పుండ్లు కలిగింపవచ్చును; క్షయక్రిమికి జ్ఞాతి యగు మరియొక బాక్టీరియా దేహమంతట వ్యాపింపవచ్చును.

ఇన్ని కారణములుండగా, విరేచనములు కట్టుటకు ఏదో ఒక మాత్ర వేసికొని ఊరకుండుట మంచిది కాదు. మలపరీక్ష చేయింపవలెను. అందును సాధారణ పరీక్షలో క్రిప్టోస్పోరిడియమ్, సిస్టోఐసోస్పోరా కంటబడకపోవచ్చును. క్షయక్రిమిని గుర్తించు రంగుపద్ధతిని కొంత మార్చి ఉపయోగించినచో అవి ఎఱ్ఱగా కనబడును. ఒకనాడు కనబడనిది మరునాటి నమూనాలో కనబడవచ్చును. ఈ శ్రమకు తగిన ఫలము కలదు: సిస్టోఐసోస్పోరా కో-ట్రైమోక్సజోల్ అను చౌకయైన మాత్రకు లొంగును. క్రిప్టోస్పోరిడియమునకో, కావలిలేని శరీరమున నిశ్చయముగా పనిచేయు మందు లేదు. శరీరము తన కావలిని తిరిగి నిలుపుకొనుటయే దానికి చికిత్స.

ఆ పని చేయునవి ఎ.ఆర్.టి. మందులు. 1993లో మిల్వాకీ రోగులకు ఇట్టి బలమైన మందుల కూర్పు లేదు. అది 1996 ప్రాంతమున వచ్చినది. మనదేశమున 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. క్రమముగా వాడువారిలో ఈ మొండి విరేచనములు చాల తగ్గినవి. కొన్ని సమయములలో మందుల వలననే విరేచనములు కలుగవచ్చును. అంతమాత్రమున వానిని స్వయముగా మానరాదు, వైద్యునకు తెలుపవలెను.

ఇక ఇంటిలో చేయదగినవి. క్లోరినుకు లొంగని క్రిప్టోస్పోరిడియమ్ మరుగునకు లొంగును. నీరు తెర్లుచు మరగిన పిమ్మట ఒక నిమిషము ఉంచి, చల్లార్చి, మూతపెట్టి వాడవలెను. విరేచనములు మొదలైనంతనే ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసినంత నీటిలోనే కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. అన్నము మాన్పింపరాదు. రక్తము పడినను, జ్వరము వచ్చినను, మూత్రము తగ్గినను, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

కలసి భుజించుట వలన గాని, చెంతనుండి సేవచేయుట వలన గాని హెచ్.ఐ.వి. సోకదు. విరేచనములు కలిగించు క్రిములు మాత్రము చేతులద్వారా సోకును. వానికి సబ్బును, నీరును చాలును. కావున రోగికి వేరుగా కంచము పెట్టుట అనవసరము. అతనికి కావలసినది కాచిన నీరు, వేళకు మందు, మనవారి తోడు.