ఉన్ని బట్టకు వేడినీళ్లు, సోడా వద్దు

పోయిన చలికాలంలో మా మేనమామను హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రిలో చేర్పించాం. ఆయన వెంట ఉండటానికి వెళ్తూ మా నాయన కప్పుకున్న గొంగడి, ఒక ఉన్ని స్వెటరు పట్టుకెళ్లాను. రోగికి తోడుగా ఊరి నుంచి వెళ్లిన మనలాంటివాళ్లకు రాత్రిపూట అవే దిక్కు. పది రోజులయ్యేసరికి దుమ్ము, చెమట, ఒలికిన చారు మరకలతో రెండూ వాసనొచ్చాయి. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న మా అబ్బాయి "నేను ఉతికిస్తా నాన్నా" అని తీసుకెళ్లి దగ్గర్లోని లాండ్రీలో వేశాడు.

మర్నాడు తెచ్చిన స్వెటరు చిన్నపిల్లాడి కొలతకు దిగిపోయింది. గొంగడి అట్టలా బిగుసుకుపోయి జానెడు పొట్టిదయింది. మిషన్లో వేడినీళ్లు పోసి, మామూలు సబ్బుపొడి వేసి తిప్పారట. తప్పు వాళ్లదొక్కటే అనలేను. నూలు బట్ట వేరు, ఉన్ని బట్ట వేరని ఇచ్చేటప్పుడు మేమూ చెప్పలేదు. చలి మొదలవుతోంది కాబట్టి ఈ సంగతులు రైతు సోదరులు, ఇంట్లో ఆడవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది.

ఉన్ని అంటే వెంట్రుకే

ఉన్ని గొర్రె వెంట్రుక. దానిమీద చేప పొలుసుల్లాంటి సన్నని పొరలుంటాయి. వేడినీళ్లలో వేసి రుద్దితే ఈ పొరలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుంటాయి. అలా ముడుచుకున్న బట్టను మళ్లీ మొదటి కొలతకు తేవడం దాదాపు అసాధ్యం. ఇక చాకిసోడా, ఘాటు సబ్బుపొడి వెంట్రుకను తినేస్తాయి. బ్లీచింగ్ పౌడరయితే ఉన్నిని పూర్తిగా పాడుచేస్తుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, మన తలకు పోసుకోలేనిది ఉన్ని బట్టకూ పోయకూడదు.

అసలు ఉన్నేనా?

చలికాలంలో రోడ్లపక్క అమ్మే స్వెటర్లలో చాలావాటిలో ఉండేది ఉన్ని కాదు, అక్రిలిక్ దారం. అనుమానముంటే అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ల పళ్లెం మీద అంటించి చూడండి. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసనొస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగి పొడవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఈ పని పిల్లలకు దూరంగా చేయాలి.

అలాగే "అసలు కశ్మీరు పశ్మీనా, అయిదొందలే" అంటే నమ్మొద్దు. పశ్మీనా లడఖ్ చాంగ్‌థాంగ్ ప్రాంతంలో చలికి పెరిగే మేకల పొట్టుబొచ్చు. పై వెంట్రుకల కింద ఉండే ఈ మెత్తని బొచ్చును దువ్వి తీస్తారు. ఒక మేకకు ఏడాదికి సుమారు 200 గ్రాములు, చాలాసార్లు అంతకన్నా తక్కువే వస్తుంది. ఆ ధరకు అది గిట్టుబాటు కాదు.

స్వెటరు, శాలువా ఉతికే విధానం

1. అర బకెట్ చల్లని లేక గోరువెచ్చని నీళ్లు తీసుకోవాలి. చెయ్యి పెడితే వేడి తెలియకూడదు.
2. ఎనిమిది, పది కుంకుడుకాయలు నానబెట్టి పిసికి, వడకట్టిన రసం కలపాలి. లేకుంటే ఒక షాంపూ పాకెట్ చాలు.
3. బట్టను తిరగేసి పది నిమిషాలు ముంచి, మెల్లగా ఒత్తుతూ మురికి వదిలించాలి. బండకేసి బాదకూడదు, బ్రష్షు పెట్టకూడదు.
4. అంతే వేడి ఉన్న నీళ్లతో రెండుసార్లు జాడించాలి. వేడిలోంచి ఒక్కసారిగా చన్నీళ్లలో వేసినా బట్ట ముడుచుకుంటుంది.
5. పిండొద్దు. పొడి తువ్వాలులో చాపలా చుట్టి ఒత్తితే నీరు దిగిపోతుంది.
6. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. నులకమంచం మీద పాత దుప్పటి పరిచి, నీడలో పరిచి ఆరబెట్టాలి. కింది నుంచి కూడా గాలి తగిలి త్వరగా ఆరుతుంది.

ఇస్త్రీ చేయాలంటే పైన తడిగుడ్డ వేసి, తక్కువ వేడితో ఆనించి తీయాలి. పైన చిన్న ఉండలు కడితే పీకకుండా కత్తెరతో కత్తిరించండి.

గొంగడి సంగతి వేరు

గొంగడిని తరచుగా ఉతకకూడదు. నేసేటప్పుడు పడుగు దారాలకు చింతగింజల గంజి పట్టిస్తారు. పదేపదే ఉతికితే ఆ బిగువు పోతుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా తడిసినట్టు అనిపించదు. వాన తుంపరలో గొల్ల, కుర్మ సోదరులను ఇన్నాళ్లు కాపాడింది ఈ గుణమే. దుమ్ము పడితే ఎండలో వేసి, కర్రతో మెల్లగా దులిపితే చాలు. మరక పడితే అంతమేరకే కుంకుడు రసంతో తుడవాలి. చెమట వాసనకు ఒక పూట గాలికి ఆరేస్తే సరిపోతుంది.

పురుగు పట్టకుండా

చిల్లులు పెట్టేది ఎగిరే చిన్న రెక్కలపురుగు కాదు. అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే లార్వా. చీకటి, కదిలించని చోటు, చెమట మరకలున్న బట్ట దానికి ఇష్టం. అందుకే చలి తగ్గాక శుభ్రం చేసి, పూర్తిగా ఆరిన తర్వాతే దాచాలి. మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టి ట్రంకుపెట్టెలో ఉంచండి. నెలకోసారి తీసి ఎండలో దులిపి, మడతలు మార్చండి. ఎండిన వేపాకు వేస్తే మంచిదే గాని, లోపల ఉన్న గుడ్లు దానితో చావవు.

కలరా ఉండలు వాడేవాళ్లు మూసిన పెట్టెలోనే వాడాలి. తొడిగేముందు బట్టలు గాలికి ఆరేయాలి. పసిపిల్లల బట్టల్లో అసలు పెట్టొద్దు. వాటి ఆవిరి పీల్చినా, పిప్పరమెంటు అనుకుని మింగినా పిల్లల రక్తం దెబ్బతింటుంది.

ఎందుకింత జాగ్రత్త?

మా నాయన గొంగడి నల్ల దక్కని గొర్రె ఉన్నిది. ఆ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఉన్నికి ధర లేక, చాలాచోట్ల కత్తిరింపు కూలి కూడా రాక, కాపరులు మాంసానికి పెరిగే నెల్లూరు రకం వైపు మళ్లారు. దానికి వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచిన పథకంలో పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినవాటిలోనూ ఉన్ని ఇవ్వని గొర్రెలున్నాయి. నల్ల గొర్రె తగ్గితే గొంగడి తగ్గుతుంది, నేసే చెయ్యీ తగ్గుతుంది.

కాబట్టి ఇంట్లో పాత గొంగడి ఉంటే ఈ ఆదివారమే తీసి ఎండలో వేయండి. చిన్న చిల్లు కనబడితే అదే రంగు ఉన్ని దారంతో వెంటనే రఫ్ఫు చేయండి. పట్నంలో చదివే పిల్లలకు బట్టలు సర్ది పంపేటప్పుడు ఒక్క మాట చెప్పండి: "ఇది వేడినీళ్ల మిషన్లో వేయొద్దు." ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే మా నాయన గొంగడి ఇప్పటికీ నా భుజం మీద ఉండేది.