చదువుల నిచ్చెన

ఒక గది, ఒక పంతులు, అయిదు తరగతులు. మన పల్లెటూరి బళ్ళ సంగతి ఎరిగినవారికి యీ లెక్క కొత్త కాదు. ఒకటో తరగతివారి చేత అక్షరాలు దిద్దిస్తూంటే, నాలుగో తరగతివారు కిటికీలోంచి బండ్లు లెక్కపెడుతూంటారు. వారికి భాగహారం చెప్పబోతే చిన్నవాళ్ళు జుట్లు పట్టుకుంటారు. పంతులుగారు మంచివారే! కాని ఒక్క నోటితో అయిదు పాఠాలు చెప్పడం ఎవరి తరం?

పరికరాలు తెచ్చిపెడితే యీ చిక్కు తీరుతుందని చాలామంది అంటారు. అయితే ఆ పరికరం పంతులుగారి చేతిలో వుండాలా, పిల్లల చేతిలో వుండాలా? మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీవారు దీనికి యిచ్చిన జవాబు తెలుసుకోదగినది.

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి పేరుతో ముడిపడిన విద్యాలయం అది. దాని చుట్టుపక్కల పల్లెల్లో 1980ల నుంచి చిన్న చిన్న బళ్ళు వెలిశాయి. పద్మనాభరావు, రమ దంపతులు ఆ బళ్ళకోసం ఒక పద్ధతి రూపొందించారు. దానికి ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అని పేరు. పెట్టెలో బడి అన్నమాట!

గోడమీది మెట్లు

ఆ పెట్టెలో వుండేవి అట్టకార్డులు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న పనులుగా విడదీసి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క కార్డు తయారుచేశారు. ప్రతి కార్డుమీద ఒక గుర్తు, ఒక అంకె వుంటాయి. అవే గుర్తులు గోడమీది నిచ్చెన పటంలో వరసగా కనిపిస్తాయి. పిల్ల బడికి రాగానే నిచ్చెన చూసుకుంటుంది. తాను ఏ మెట్టుమీద వున్నదో గుర్తుపట్టి, తన కార్డు తానే తెచ్చుకుంటుంది. కొత్త సంగతి నేర్పే కార్డు, అభ్యాసపు కార్డు, పరీక్ష కార్డు, తప్పిన చోట మళ్ళీ నేర్పే కార్డు—యిలా ఒకదాని తరువాత ఒకటి వస్తాయి.

కూర్చోవడం కూడా తరగతినిబట్టి కాదు. కొందరు పంతులుగారి పక్కన, కొందరు తోటిపిల్లలతో, కొందరు ఒంటరిగా కూర్చుని పని చేసుకుంటారు. అందరికీ ఒకేసారి పాఠం చెప్పే బరువు తగ్గింది గనుక, పంతులుగారికి తడబడుతున్న పిల్ల పక్కన కూర్చునే తీరిక చిక్కుతుంది.

బడి మానిన పిల్ల

యిందులో అసలు మేలు గైరుహాజరు పిల్లలకు. వేరుసెనక్కాయలు పీకే రోజుల్లో యింటివారికి సాయంగా పొలానికి పోయిన పిల్ల పదిహేను రోజులకు తిరిగి వస్తుంది. మామూలు బడిలో అప్పటికి పాఠం ఎక్కడికో పోతుంది. అర్థంకాక, అడగడానికి సిగ్గుపడి, చివరకు బడే మానేస్తుంది. నిచ్చెన బడిలో ఆమె వదలిన మెట్టు అక్కడే వుంటుంది. ఆ కార్డు తీసుకుని కూర్చుంటే సరి!

2003లో చెన్నై కార్పొరేషన్ బళ్ళు యీ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి. తరువాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు అది వ్యాపించింది. పిల్లల చేతికందే ఎత్తున గోడలకు నల్లబల్లలు కూడా అక్కడ ఏర్పాటుచేశారు.

చిక్కులు లేకపోలేదు. కార్డులు చిరుగుతాయి, పోతాయి. మళ్ళీ చేయించాలి. పంతులుకు తగిన తర్ఫీదు లేకపోతే పిల్లలు కార్డులు పూర్తిచేస్తారేగాని పాఠం వంటబట్టదు.

యిప్పుడు బళ్ళలోకి టాబ్లెట్లు, పెద్ద తెరలు వస్తున్నాయి. ఏ పిల్ల ఏ మెట్టుమీద వున్నదో అట్టకార్డుకన్న అవి బాగా గుర్తుపెట్టుకోగలవు. కాని అందరికీ ఒకే వీడియో ఒకేసారి చూపిస్తే పాత ఉపన్యాసమే తెర కెక్కినట్టు.

మీ వూరి బడికి అటువంటి పరికరం వస్తే, ధర సంగతి తరువాత అడగవచ్చు. పదిహేను రోజులు రాని పిల్ల రేపు వస్తే యిది ఎక్కడినుంచి మొదలుపెడుతుందో ముందు అడిగి తెలుసుకోండి.