జంట సంతకం

కుచేలుడనగానే మనకు గుర్తొచ్చేది అటుకుల మూట. భాగవతంలో దాని ముచ్చట తరువాత వస్తుంది. అంతకుముందే కృష్ణుడు పాత మిత్రుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని సాందీపని గురుకులం రోజులు తవ్విపోస్తాడు. గురుపత్ని కట్టెలకు పంపితే ఇద్దరూ అడవికి వెళ్లడం, గాలివాన ముంచెత్తి దారి తెలియకపోవడం, చీకట్లో చేతులు పట్టుకుని తిరగడం, తెల్లారాక గురువుగారే వెతుక్కుంటూ రావడం. ద్వారకాధీశుడికి చెప్పుకోవడానికి ఘనకార్యాలు కరువా? అయినా ఆ తడిసిన రాత్రే తలుచుకున్నాడు. అప్పటికి ఒకరు రాజూ కాదు, ఇంకొకరు పేదా కాదు. కుచేలుడు ఏమీ అడక్కుండానే తిరుగుముఖం పట్టాడు. ఇవ్వాల్సినాయన చెప్పకుండానే ఇచ్చాడు. పాత స్నేహాన్ని భక్తి పక్కన కూర్చోబెట్టేది నా దృష్టిలో ఇదే: పద్దులు రాసుకోకపోవడం.

నిన్నమొన్నటి మనుషుల్లో ఈ గుణం చూడాలంటే తిరుపతి వేంకట కవుల దగ్గరికి వెళ్లాలి. 1872లో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, ఆయనకంటే రెండేళ్లు పెద్ద అయిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. శతావధానాల్లో ఒకరు ఒక చరణం అందుకుంటే రెండోవారు తరువాతిది. పండితులకు మీసాలేమిటని అడిగినవాళ్లకూ ఇద్దరిదీ ఒకటే జవాబు, అదీ పద్యంలోనే. తరువాత బతుకుతెరువు ఒకరిని పోలవరం సంస్థానానికి, మరొకరిని బందరు హైస్కూలుకు చేర్చింది. ఊళ్లు వేరైనా పేరు విడిపోలేదు. పద్యం ఒక్కరే రాసినా కింద ఇద్దరి పేరే.

1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశారు. వేంకటశాస్త్రి 1950 దాకా ఉన్నారు. ఆ మధ్యకాలంలో తాను ఒంటరిగా రాసిన కవిత్వాన్ని కూడా జంట పేరుతోనే అచ్చువేయించారు. లేని మనిషికి వాటా ఎందుకని ఏ వకీలైనా అడుగుతాడు. ఆయన్ని అడిగితే, ఎవరు లేరన్నారని ఎదురు ప్రశ్న వేసేవారేమో! తద్దినాలు పెట్టే దేశంలో ఇంతకంటే శ్రద్ధగా పెట్టిన తద్దినం నాకు కనబడదు.

బాపు రమణల సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకరిది నరసాపురం, ఒకరిది ధవళేశ్వరం. మద్రాసులో బడిపిల్లలుగా కలిశారు. బుడుగు ఎలా మాట్లాడతాడో రమణ రాశారు, ఎలా నిలబడతాడో బాపు గీశారు. 1967 నాటి ‘సాక్షి’ నుంచి కలిసి సినిమాలు తీశారు. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో కాపురమున్నాయి. (స్నేహితులిద్దరూ కలిసుండటం వింత కాదు, ఇళ్లలో ఆడవాళ్లూ సరేననడమే గొప్ప.) 2011 ఫిబ్రవరిలో రమణ పోయారు. ఆయన రాసిన ‘శ్రీరామరాజ్యం’ అదే నవంబరులో విడుదలైంది. బాపు మరో సినిమా తీయలేదు. వయసూ కారణం కావచ్చు, అదొక్కటే అనుకోను.

మహానుభావుల మాట అలా ఉంచి మన ఊరి హైస్కూలుకు వద్దాం. సెలవులొస్తే చాలు, ఎక్కడో ఒకచోట పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం. ఫ్లెక్సీలు, శాలువాలు, డ్రోన్ వీడియోలు. ఈ హడావుడి చూసి నవ్వుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం నవ్వు రాదు. మైకు దగ్గర ఏమీ జరగదు, నిజమే. భోజనాల దగ్గర చూడండి. ‘నీకు షుగరు కదరా’ అంటూ తహసీల్దారు ఆకులోని జిలేబీని పక్కనున్న ఆటో డ్రైవరు తీసుకుని తినేస్తాడు. ఆఫీసులో ‘సార్’ తప్ప మరో పిలుపు వినని ఆ పెద్దమనిషి, ‘సగమైనా ఉంచరా’ అని బతిమాలుకుంటాడు.

ప్రతి బ్యాచ్‌లోనూ రానివాడు ఒకడుంటాడు. వ్యాపారం దెబ్బతిన్నవాడో, పిల్లలు స్థిరపడనివాడో, అందరి ముందూ చిన్నబోతానని జంకేవాడో. గ్రూపులో పెట్టిన మెసేజీ చూస్తాడు కానీ కదలడు. ఈసారి ఒక ఫ్లెక్సీ తగ్గించుకోండి. ఇద్దరు కలిసి అతని ఇంటికి వెళ్లి, బండి ఎక్కించుకుని తీసుకురండి.