సిద్ధాంతం కరివేపాకు కాదు!

మన ఇంజినీరింగ్ వాళ్ళకి పరిశోధన అంటే ఒకటే లెక్క: ఒక ఊహ, కొన్ని కొలతలు, ఓ గ్రాఫు. వార్తల మీద కూడా పరిశోధన చేస్తారని చెబితే, "అందులో కొలవడానికి ఏముంటుందిరా?" అంటారు మా హాస్టల్ మిత్రులు. చాలా ఉంటుంది. కొలతకి అందనిదీ ఉంటుంది. మన పక్కనున్న కొల్లేరునే తీసుకుని చెప్తాను.

1999లో ఐదో కాంటూరు దాకా కొల్లేరుని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పక్షులకి గూడు, పల్లెలకి కూడు - రెండూ ఆ నీళ్ళలోనే. మరి ఈ వార్తల్ని ఎలా పరిశోధించాలి?

పాటర్, కూపర్, డుపాన్ అనే ముగ్గురు 1993లో మీడియా పరిశోధనని మూడు దారులుగా విడదీశారు.

మొదటిది సామాజిక శాస్త్ర పద్ధతి. ఇది మనకి చుట్టం. కొల్లేరు మీద ఎన్ని వార్తలొచ్చాయి, చదివినవాళ్ళ అభిప్రాయం ఎంత మారింది అని లెక్క కడుతుంది.

రెండోది వ్యాఖ్యాన పద్ధతి. పేపర్లో 'ఆక్రమణ' అని పడిన మాటని చెరువు పోగొట్టుకున్న రైతు ఎలా అర్థం చేసుకున్నాడు? వల మీద బతికే వడ్డీల కుటుంబం ఎలా తీసుకుంది? దీనికి వాళ్ళ దగ్గర కూర్చుని వినాలి.

మూడోది విమర్శనాత్మక పద్ధతి. పత్రిక ఎవరిది? వార్తలో అధికారి మాట ఎంత, కూలి మాట ఎంత? ఎవరి గొంతు అసలు వినపడలేదు? ఇది అధికారాన్ని నిలదీస్తుంది.

దారి మారితే ప్రశ్న మారుతుంది. ప్రశ్న మారితే సాక్ష్యమూ మారుతుంది.

ఇక సిద్ధాంతం సంగతి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో దాన్ని కూరలో కరివేపాకులా వాడతారు. మొదటి పేజీలో వాసనకి ఓ పేరు వేసి, తర్వాత పక్కకి తీసేస్తారు. నిజంగా వాడటం అంటే ఏంటో చూడండి.

మెక్‌కోంబ్స్, షా 1968 అమెరికా ఎన్నికలప్పుడు చాపెల్ హిల్‌లో ఓటర్లని అడిగి, పత్రికలు పెద్దపీట వేసిన విషయాలే జనానికీ ముఖ్యమనిపిస్తున్నాయని చూపించారు. ఆ పని 1972లో అచ్చయింది. ఇదే ఎజెండా సెట్టింగ్. 1978లో జుకర్ దీనికో మెలిక పెట్టాడు: తన బతుకులో నేరుగా తగిలే విషయానికి మనిషి మీడియా మీద అంతగా ఆధారపడడు.

దీన్ని కొల్లేరుకి పెట్టి చూస్తే ఓ ఊహ దానంతటదే పుడుతుంది. చెరువు గట్టు మీద బతికే లంక గ్రామాల్లో కొల్లేరు విషయంలో పేపరు ప్రభావం తక్కువుండాలి. సరస్సుకి దూరంగా ఉన్న మన గూడెంలో ఎక్కువుండాలి. రెండు చోట్లా అడిగి, పేపర్లలో వార్తలు లెక్కపెట్టి పోల్చొచ్చు. ఫలితం తిరగబడిందా, సిద్ధాంతాన్ని సరిచేయాలి. తప్పని తేలే అవకాశం ఇచ్చినప్పుడే ఈ దారిలో సిద్ధాంతం పనిచేసినట్టు.

అయితే ఈ లెక్క ఎంత పక్కాగా వచ్చినా, గట్టు తెగిన రాత్రి ఆ ఇంట్లో ఏమనుకున్నారో చెప్పదు. దానికి రెండో దారి పట్టాలి. ఆ మాట పేపరు దాకా ఎందుకు రాలేదో తెలియాలంటే మూడోది.

కాబట్టి ఈసారి ఓపెన్ ఎలక్టివ్‌లో మీడియా మీద ప్రాజెక్టు పడితే, గూగుల్ ఫారం తెరిచే ముందు ఒక్క నిమిషం ఆగండి. మీ ప్రశ్న ఏ దారిదో తేల్చుకోండి. ఆ తర్వాతే సిద్ధాంతం పేరు రాయండి.