మంచు చిరుత: పాతబస్తీకి తెలియని పిల్లి

పాతబస్తీ పిల్లలకు పులి, సింహం, చిరుతపులి 1963 నుంచీ మీర్‌ఆలం చెరువు పక్కనున్న నెహ్రూ జూలోనే పరిచయం. మంచు చిరుత మాత్రం అక్కడ కనిపించదు. టీవీలోనో ఫోన్‌లోనో చూడాల్సిందే. అందుకే దాని గురించి తెలిసినదానికన్నా ఊహించుకున్నదే ఎక్కువ.

అపోహ: తెల్లపులి ఉన్నట్టే ఇది తెల్ల చిరుతపులి.

వాస్తవం: జూలోని తెల్లపులి అసలు బెంగాల్ పులే. ఒక జన్యువులో తేడా వల్ల రంగు మారిందంతే. మంచు చిరుత పూర్తిగా వేరే జాతి. జన్యువుల లెక్కన దానికి దగ్గరి చుట్టం చిరుతపులి కూడా కాదు, పులి. అయినా పులిలా గాండ్రించలేదు. ఒంటిమీద పొగరంగు బొచ్చు, నల్లటి గుండ్రని మచ్చలు. తోక పొడవు దాదాపు మీటరు. కొండచరియల మీద దూకేటప్పుడు తూలిపోకుండా కాసేది ఆ తోకే, పడుకున్నప్పుడు మొహానికి మఫ్లర్ అయ్యేదీ అదే.

అపోహ: ఎప్పుడూ మంచులోనే తిరుగుతుంది.

వాస్తవం: దానికి కావలసింది నిటారు కొండలు, రాళ్ళు, వేటాడటానికి భరల్, ఐబెక్స్ లాంటి అడవి గొర్రెలూ మేకలూ. సాధారణంగా 3,000 మీటర్లకు పైన ఉంటుంది. దట్టమైన మంచు పడితే వేట వెంటే కిందికి దిగుతుంది. బూడిదరంగు రాళ్ళ మధ్య కదలకుండా కూర్చుంటే పక్కనే ఉన్నా ఆనవాలు దొరకదు.

అపోహ: మనుషుల్ని తినేస్తుంది.

వాస్తవం: మంచు చిరుత మనిషి ప్రాణం తీసినట్టు మన దేశంలో నిర్ధారణ అయిన దాఖలా లేదు. అసలు గొడవంతా గొర్రెల దొడ్ల దగ్గర. లద్దాఖ్ పల్లెల్లో రాళ్ళు పేర్చి కట్టిన దొడ్డికి పైకప్పు సరిగా లేకపోతే రాత్రి లోపలికి దూకుతుంది. బెదిరిన గొర్రెలు ఎటూ పారిపోలేవు. ఒక్కదానితో ఆగకుండా చాలావాటిని చంపేస్తుంది. తెల్లారేసరికి ఆ ఇంటి ఏడాది సంపాదన పోయినట్టే. కోపంతో కాపరి దాన్ని చంపేవాడు. ఇప్పుడు చాలా ఊళ్ళలో దొడ్ల మీద ఇనుప వల బిగించారు, తలుపులు గట్టిచేశారు. ఒక వల అటు మందనూ ఇటు మంచు చిరుతనూ కాపాడుతోంది.

అపోహ: ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు.

వాస్తవం: 2019 నుంచి 2023 వరకు దేశంలో తొలిసారి శాస్త్రీయంగా లెక్కించారు. 1,971 చోట్ల కెమెరాలు పెట్టారు. ఏ రెండింటి మచ్చలూ ఒకేలా ఉండవు కాబట్టి ఫోటోల్లో 241 మంచు చిరుతల్ని విడివిడిగా గుర్తించారు. మొత్తం అంచనా 718. అందులో ఒక్క లద్దాఖ్‌లోనే 477.

అపోహ: జూలో పెంచి కొండల్లో వదిలేస్తే సరిపోతుంది.

వాస్తవం: మన దేశంలో మంచు చిరుతల పెంపకానికి పేరున్నది డార్జిలింగ్ జూ. సరోజినీ నాయుడి కూతురు, హైదరాబాద్‌లో పుట్టిన పద్మజా నాయుడు పేరే 1975లో దానికి పెట్టారు. అక్కడ పిల్లలు పుడుతున్నాయి, నిజమే. కానీ అడవిలో పిల్ల ఏడాదిన్నరకు పైగా తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటుంది. ఆ చదువు బోనులో దొరకదు. జూ సంతతి ఆపద కాలానికి దాచుకున్న నిధి, కొండలకు ప్రత్యామ్నాయం కాదు.

అపోహ: తోలో గోరో కొంటే అది ఏ జంతువుదో ఎవరు కనిపెడతారు?

వాస్తవం: నెహ్రూ జూకి దగ్గర్లోనే, అత్తాపూర్‌లోని సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల కనిపెడుతుంది. చిన్న చర్మం ముక్క, వెంట్రుక, ఎముక పొడి ఉన్నా డీఎన్‌ఏతో జాతి తేల్చేస్తారు. మంచు చిరుత వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. నేరం రుజువైతే కనీసం 3 ఏళ్ళ జైలు.

అపోహ: హిమాలయాల్లో జంతువుతో హైదరాబాద్ వాళ్ళకేం పని?

వాస్తవం: పత్తర్‌గట్టిలో బేరమాడి కొనే అసలైన పశ్మీనా శాలువా లద్దాఖ్ చాంగ్‌థాంగ్ మేకల ఉన్ని. గిరాకీ పెరిగేకొద్దీ మందలు పెరుగుతాయి, అడవి గొర్రెలకు మేత తగ్గుతుంది. వేట తగ్గిన మంచు చిరుత మళ్ళీ దొడ్ల వైపే చూస్తుంది. ఇక ఏటా వేసవిలో మన కుర్రాళ్ళు బైకులేసుకుని లేహ్ వెళ్తున్నారు. పర్యాటకులు పారేసిన ఎంగిలి తిని వీధికుక్కలు గుంపులు గుంపులుగా పెరిగాయి. అవి పశువుల్ని చంపుతున్నాయి, మంచు చిరుతల నోటి దగ్గరి వేటనూ లాగేసుకుంటున్నాయి.

కాబట్టి లద్దాఖ్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట. హోటల్ బదులు పల్లెలో హోమ్‌స్టేలో దిగండి. మంచు చిరుత బతికి ఉంటేనే తమ ఇంటికి అతిథి వస్తాడని కాపరికి అనుభవంలోకి రావాలి. మీ చెత్త మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి.